ఆంధ్రదేశంలో రోమను బంగారు నాణేలు

ఆంధ్రదేశంలో రోమను బంగారు నాణేలు క్రీస్తు శకం తొలి శతాబ్దాలలో సముద్ర వ్యాపారం ద్వారా తెలుగు ప్రాంతానికి చేరి, తరువాతి కాలంలో పొలాలలోను, ఆలయ శిథిలాలలోను, పురావస్తు తవ్వకాలలోను బయటపడిన నాణేలు. నెల్లూరు, వినుకొండ, నాగార్జునకొండ వీటి ముఖ్య లభ్యస్థానాలు. ఇటలీకి వేల మైళ్ళ దూరాన, గుంటూరు, ప్రకాశం, నెల్లూరు సీమల నేలలో దొరికిన ఈ నాణేలు ఆంధ్రుల ప్రాచీన విదేశీ వ్యాపారానికి ప్రత్యక్ష సాక్ష్యాలు. శాతవాహనులు, ఇక్ష్వాకులు సీసం, రాగి, వెండి, పోటిన్ అనే మిశ్రలోహాలతో నాణేలు ముద్రించారే గాని బంగారు నాణేలు ముద్రించలేదు. కనుక ఆ కాలపు పొరలలో దొరికే బంగారు నాణెం దాదాపుగా విదేశీయమే అయి ఉంటుంది.

నాణేల సేకర్తలు వీటిని అరుదైనవిగా ఎంచుతారు. అరుదు కావడానికి ప్రధాన కారణం వాటి లోహమే. మేలిమి బంగారం కావడం వలన దొరికిన నాణేలలో అనేకం కంసాలి కుంపటికి చేరి కరిగిపోయాయి. మిగిలినవాటి చరిత్ర చాలావరకు ఎవరు వాటిని సకాలంలో చూసి వ్రాసిపెట్టారన్నదానిపై ఆధారపడి ఉంది.

వ్యాపార నేపథ్యం

క్రీ.పూ. 30లో ఈజిప్టు రోమను పాలనలోకి వచ్చిన తరువాత ఎర్రసముద్రం మీదుగా భారతదేశానికి ఓడల రాకపోకలు విస్తరించాయి. నైరుతి ఋతుపవనాల గాలిని ఆసరాగా చేసుకొని నావికులు అరేబియా సముద్రాన్ని నేరుగా దాటేవారు. క్రీ.శ. 1వ శతాబ్దానికి చెందిన "ఎర్ర సముద్రపు పెరిప్లస్" అనే గ్రీకు గ్రంథం తూర్పు తీరంలోని మసాలియా అనే ప్రాంతాన్ని పేర్కొని, అక్కడ సన్నని నూలు వస్త్రాలు విరివిగా తయారవుతాయని తెలుపుతున్నది. మసాలియాను కృష్ణా ముఖద్వార ప్రాంతంగా చరిత్రకారులు గుర్తించారు. 2వ శతాబ్దికి చెందిన టోలెమీ ఇదే ప్రాంతాన్ని మైసోలియా అన్నాడు. అతడు పేర్కొన్న కొంటకోస్సిల రేవు నేటి ఘంటసాల అని పండితుల అభిప్రాయం.

గుంటూరు, ప్రకాశం సీమలు నేటికీ ప్రత్తి పండే నేలలు. రెండు వేల ఏండ్ల క్రితం రోమను బంగారాన్ని ఈ తీరానికి రప్పించిన సరకులలో నూలు బట్ట ముఖ్యమైనది. ఒంగోలు సమీపాన కొత్తపట్నం మొదలు ఉత్తరంగా కనుపర్తి, చినగంజాం, మోటుపల్లి వరకు గల తీరంలో ప్రాచీన నివాసాల ఆనవాళ్ళు పలుచోట్ల కలవు. చినగంజాంలో యజ్ఞశ్రీ శాతకర్ణి 27వ పాలనా సంవత్సరపు శాసనం లభించింది. ఓడ గుర్తు గల శాతవాహనుల సీసపు నాణేలు కూడా తూర్పు తీరపు నౌకా వ్యాపారాన్నే సూచిస్తున్నాయి.

ఈ వ్యాపారం రోములో విమర్శకు గురైంది. ఏటా 5 కోట్ల సెస్టెర్షియస్‌లకు తక్కువ కాకుండా ధనం భారతదేశానికి తరలిపోతున్నదని పెద్ద ప్లినీ 1వ శతాబ్దంలో వ్రాశాడు. ఒక బంగారు నాణెం 100 సెస్టెర్షియస్‌లకు సమానం. అనగా అతడు చెప్పిన మొత్తం 5 లక్షల బంగారు నాణేల విలువ. ఆనాటి తూనిక ప్రకారం లెక్కకడితే ఇది సుమారు మూడున్నర టన్నుల బంగారం. చెల్లింపులన్నీ బంగారంలోనే జరగలేదు. వెండి నాణేలు, ద్రాక్షసారా, పగడం, గాజు సామాను కూడా రోము నుండి వచ్చేవి.

నాణెపు స్వరూపం

రోమను బంగారు నాణేన్ని లాటినులో ఆరియస్ అంటారు. ఒక ఆరియస్ 25 వెండి దెనారియస్‌లతో సమానం. నాణెం వ్యాసం సుమారు 19 నుండి 20 మిల్లీమీటర్లు. ముందువైపు చక్రవర్తి లేదా రాజకుటుంబీకుల శిరస్సు, చుట్టూ బిరుదులతో కూడిన లాటిను అక్షరాలు ఉంటాయి. వెనుకవైపు దేవతామూర్తి, విజయచిహ్నం, కట్టడం వంటివి ఉంటాయి.

నాణేల కాలనిర్ణయంలో తూనిక ముఖ్యమైన ఆధారం. అగస్టస్ కాలంలో ఒక రోమను పౌను బంగారంతో సుమారు 40 నాణేలు చేసేవారు. అప్పటి నాణెం 7.8 గ్రాముల పైచిలుకు తూగేది. క్రీ.శ. 64లో నీరో ఈ సంఖ్యను 45కు పెంచడంతో తూనిక సుమారు 7.3 గ్రాములకు తగ్గింది. క్రీ.శ. 215లో కారకల్లా పౌనుకు 50 నాణేల చొప్పున ముద్రింపజేశాడు. దానితో తూనిక సుమారు 6.5 గ్రాములైంది. బరువు తగ్గినా బంగారపు మేలిమి ఈ కాలమంతటా చాలావరకు నిలిచింది. పరదేశపు వర్తకులు రాజు ముఖం తెలియకపోయినా ఈ నాణేలను స్వీకరించడానికి కారణం ఈ మేలిమియే.

ముఖ్యమైన లభ్యతలు

నెల్లూరు (1786)

తెలుగు ప్రాంతంలో రోమను బంగారు నాణేలు దొరికిన సంగతి గురించి అచ్చయిన తొలి వృత్తాంతాలలో ఇది ఒకటి. నెల్లూరు సమీపంలో ఒక రైతు రాతిగుట్ట ప్రక్కన దున్నుతుండగా నాగలికి ఇటుక కట్టడం తగిలింది. త్రవ్వి చూడగా ఒక చిన్న హిందూ ఆలయపు శిథిలాలు, వాటి క్రింద ఒక చిన్న కుండ కనిపించాయి. కుండలో 2వ శతాబ్దపు రోమను నాణేలు ఉన్నాయి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మివేశాడు. పెక్కు నాణేలు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు మహమ్మదాలీ కుమారుడు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా నాణేలను తిరిగి రాబట్టాడు.

ఆ కాలంలో మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్సన్ ఆ నాణేలను చూసి, హేడ్రియన్ నాణెం ఒకటి, ఫౌస్టీనా నాణెం ఒకటి ఎంచుకున్నాడు. ట్రాజన్ నాణేలు కూడా వాటిలో ఉన్నట్లు తెలిపాడు. 1787లో అతడు వ్రాసిన లేఖ కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ వారి "ఏషియాటిక్ రీసెర్చెస్" రెండవ సంపుటంలో 1790లో ప్రచురితమైంది. ఆ లేఖ ప్రకారం కొన్ని నాణేలు టంకశాల నుండి అప్పుడే వచ్చినంత కొత్తగా ఉన్నాయి. మరికొన్ని అరిగి, రంధ్రాలు పడి, ఆభరణాలుగా ధరించిన ఆనవాళ్ళతో ఉన్నాయి. ఈ రెండు స్థితుల నాణేలు ఒకే కుండలో ఉండడం గమనించదగినది. వ్యాపారంలో వచ్చిన బంగారం, ఒంటిమీద ధరించిన బంగారం కలిపి ఒకేచోట దాచబడ్డాయని దీనివలన తెలుస్తున్నది.

వినుకొండ

నేటి పల్నాడు జిల్లాలోని వినుకొండలో 19వ శతాబ్ది చివరలో 15 బంగారు నాణేలు దొరికాయి. అప్పటికి ఈ ఊరు కృష్ణా జిల్లాలో ఉండేది. గుంటూరు జిల్లా 1904లో తిరిగి ఏర్పడింది. ఈ నిధిలోని నాణేలు టైబీరియస్ (పాలన క్రీ.శ. 14–37) మొదలు కారకల్లా (పాలన 198–217) వరకు గల చక్రవర్తుల కాలాలకు చెందినవి. మొదటి నాణేనికి, చివరి నాణేనికి మధ్య సుమారు రెండు శతాబ్దాల అంతరం ఉంది.

నిధి ఎప్పుడు దాచబడిందన్నది అందులోని అన్నిటికంటె కొత్త నాణెం నిర్ణయిస్తుంది. వినుకొండ నిధి కారకల్లా నాణెం ముద్రణకు ముందు దాచబడి ఉండే అవకాశం లేదు. అనగా అది శాతవాహన రాజ్యం క్షీణించి ఇక్ష్వాకులు తలయెత్తుతున్న కాలానికి గాని, ఆ తరువాతి కాలానికి గాని చెందుతుంది. ఈ నిధిలోని టైబీరియస్ నాణెం ఒక్కటే విడిగా అంగడిలో కనిపించి ఉంటే దానిని 1వ శతాబ్దపు వ్యాపారానికి మాత్రమే సాక్ష్యంగా భావించేవారు. తోటి నాణేలతో కలిసి ఉండడం వలననే పాత నాణేలు తరాల తరబడి భద్రపరచబడ్డాయని తెలిసింది.

నాగార్జునకొండ

ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న నాగార్జునకొండ లోయలో 1926 నుండి పలుమార్లు తవ్వకాలు జరిగాయి. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునిగిపోనున్నందున 1954–60 మధ్య ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో భారీ ఎత్తున తవ్వకాలు సాగాయి. ఇక్కడ దొరికిన బంగారు నాణేలలో టైబీరియస్ నాణెం, పెద్ద ఫౌస్టీనా నాణెం పేర్కొనదగినవి. ఫౌస్టీనా ఆంటోనినస్ పయస్ భార్య. ఆమె క్రీ.శ. 140లో మరణించిన తరువాత కూడా ఆమె రూపంతో నాణేలు విరివిగా ముద్రించారు.

నాగార్జునకొండ శాసనాలలో "దీనారి మాషక" అనే ద్రవ్యం పేరు కనిపిస్తుంది. ఉజ్జయిని మహారాజు కుమార్తె రుద్రధర భట్టారిక మహాచైత్యం వద్ద స్తంభానికి 170 దీనారి మాషకాలు దానమిచ్చినట్లు ఒక శాసనం తెలుపుతున్నది. దీనారం అనే మాట రోమనుల దెనారియస్ నుండి వచ్చింది. నాణెంతోపాటు దాని పేరు కూడా పల్నాటి శాసనభాషలోకి ప్రవేశించిందన్నమాట.

తెలంగాణలో లభించిన నాణేలు

తెలంగాణలో వెండి నాణేల నిధులు ఎక్కువగా ప్రసిద్ధి చెందాయి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో 1531 దెనారియస్‌లు, కరీంనగర్ జిల్లా నస్తుల్లాపూర్‌లో 39 దెనారియస్‌లు లభించాయి. వీటిలో అగస్టస్, టైబీరియస్ కాలాల నాణేలు ప్రధానమైనవి. ప్రస్తుతం సంగారెడ్డి జిల్లాలో ఉన్న కొండాపూర్‌లో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1940–42లో జరిపిన తవ్వకాలలో టైబీరియస్ నాణేలను అనుకరించిన మట్టి పతకాలు బయటపడ్డాయి. బంగారు నాణెం ధరించే స్తోమత లేనివారు దాని రూపాన్ని మట్టిలో అచ్చువేయించి మెడలో వేసుకొన్నారని వీటిని బట్టి ఊహిస్తున్నారు.

స్థానికంగా కలిగిన మార్పులు

దక్షిణ భారతంలో దొరికిన రోమను బంగారు నాణేలపై మూడు రకాల మార్పులు కనిపిస్తాయి.

* రంధ్రాలు, కొక్కేలు: చక్రవర్తి శిరస్సు పైభాగాన ఒకటి లేదా రెండు రంధ్రాలు చేయడం, లేక చిన్న బంగారు కొక్కెం అతికించడం. ముఖం నిలువుగా కనిపించేలా ధరించడానికి ఈ ఏర్పాటు చేసేవారు.
* ఉలి గాటు: చక్రవర్తి ముఖానికి అడ్డంగా పెట్టిన గాటు. 1898లో తమిళనాడులోని పుదుక్కోట సంస్థానంలో దొరికిన 501 బంగారు నాణేలలో నూటికి తొంభైకి పైగా ఇలాంటి గాటు కలవే. నాణేన్ని చలామణి నుండి తొలగించి కేవలం లోహంగా పరిగణించడానికి ఇలా చేశారని ఒక అభిప్రాయం.
* అనుకరణలు: రోమను నాణేన్ని చూసి స్థానిక పనివారు చేసినవి. బొమ్మ దాదాపు సరిగానే ఉన్నా అక్షరాలు అర్థంలేని గీతలుగా ఉంటాయి.

ఐరోపా సేకర్తలు ఒకప్పుడు రంధ్రం, గాటు గల నాణేలను లోపభూయిష్టమైనవిగా భావించి తక్కువ ధర కట్టేవారు. చరిత్ర దృష్టిలో ఈ గుర్తులకే విలువ ఎక్కువ. రోములో తయారైన నాణెం ఈ నేలమీద ఏ విధంగా ఉపయోగపడిందో తెలిపేవి అవే.

సేకరణ, అధ్యయనం

ఆంధ్రదేశంలో నాణేల సేకరణకు శ్రీకారం చుట్టినవారిలో కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) ముఖ్యుడు. కావలి వెంకట బొర్రయ్య, అతని సోదరులు మెకంజీకి సహాయకులుగా ఊరూరా తిరిగి శాసనాలు, కైఫియత్తులు, నాణేలు సేకరించారు. మెకంజీ మరణానంతరం తయారైన పట్టికలో 6218 నాణేలు నమోదయ్యాయి.

గుంటూరులో కమిషనరుగా పనిచేసిన సర్ వాల్టర్ ఎలియట్ (1803–1887) 1845లో అమరావతి స్తూపాన్ని త్రవ్వించాడు. దక్షిణ భారత నాణేలపై అతడు వ్రాసిన గ్రంథం 1880లలో వెలువడింది. 1851లో స్థాపితమైన మద్రాసు ప్రభుత్వ మ్యూజియం నిధుల నుండి వచ్చిన నాణేలను భద్రపరచింది. దాని అధ్యక్షుడు ఎడ్గార్ థర్‌స్టన్ అక్కడి రోమను నాణేలకు పట్టిక తయారు చేశాడు. 1904లో రాబర్ట్ సెవెల్ భారతదేశమంతటా దొరికిన రోమను నాణేలను చక్రవర్తుల కాలక్రమంలో అమర్చి, ఏ కాలంలో వ్యాపారం హెచ్చిందో, ఎప్పుడు తగ్గిందో వివరిస్తూ ఒక వ్యాసం ప్రకటించాడు. 1965లో పరమేశ్వరీలాల్ గుప్తా ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమను నాణేలపై ప్రత్యేక గ్రంథం రచించగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రచురించింది. 1989లో పౌలా టర్నర్ భారతదేశపు లభ్యతలన్నిటినీ పునఃపరిశీలించి గ్రంథస్థం చేసింది.

చట్టం

భూమిలో దొరికిన నాణేలకు 1878 నాటి భారత నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. దాని ముఖ్యాంశాలు:

* భూమిలో దాగి ఉండి దొరికిన, ఎంత విలువగల వస్తువైనా నిక్షేపమే.
* నిక్షేపం విలువ 10 రూపాయలకు మించితే, దొరికినవారు దాని స్వభావం, విలువ, దొరికిన చోటు, తేదీ తెలుపుతూ జిల్లా కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. ఉదాహరణకు కొత్తపట్నం మండలంలో నాణేలు దొరికితే ఒంగోలులోని ప్రకాశం జిల్లా కలెక్టరుకు తెలపాలి.
* నిక్షేపాన్ని సమీప ప్రభుత్వ ఖజానాలో జమచేయాలి, లేదా అడిగినప్పుడు చూపడానికి హామీ ఇవ్వాలి.
* గత నూరేండ్లలో తామే లేదా తమ పూర్వులే దాచామని ఎవరూ ఋజువు చేయలేకపోతే కలెక్టరు దానిని యజమాని లేనిదిగా ప్రకటించవచ్చు. అప్పుడు, వేరే ఒప్పందం లేని పక్షంలో, దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, భూమి యజమానికి నాలుగింట ఒక వంతు చెందుతాయి.
* ప్రభుత్వం కోరితే నిక్షేపాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. అందుకు లోహపు విలువ, దానిపై ఐదవ వంతు కలిపి హక్కుదారులకు చెల్లించాలి.
* తెలపకుండా దాచినవారు తమ వాటాను కోల్పోతారు. ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ విధించవచ్చు.

ఈ చట్టంలో ఒక చిక్కు ఉంది. పరిహారాన్ని లోహపు విలువను బట్టి లెక్కకట్టినందువలన నాణెపు చారిత్రక విలువ లెక్కలోకి రాదు. మేలి స్థితిలో ఉన్న ఆరియస్‌కు సేకర్తల మార్కెట్టులో పలికే ధర అందులోని బంగారపు ధరకు అనేక రెట్లు ఉంటుంది. కలెక్టరుకు చెబితే వచ్చేది బంగారపు ధరకు కొంత ఎక్కువ. దళారికి అమ్మితే అంతకంటె ఎక్కువ రావచ్చు. కరిగిస్తే ఎవరికీ తెలియదు. దొరికిన విషయం దాచడానికి ఇది ఒక ప్రేరణ అవుతున్నది. ఇంగ్లండులో 1996 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం మ్యూజియం తీసుకున్న వస్తువుకు పూర్తి మార్కెట్టు విలువ వరకు బహుమానం చెల్లించవచ్చు.

1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం 1976 నుండి అమలులోకి వచ్చింది. నూరేండ్లు పైబడిన నాణేలు ఈ చట్టం ప్రకారం పురావస్తువులు. వాటిని విదేశాలకు ఎగుమతి చేసే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థలకు మాత్రమే కలదు. పురావస్తువుల వ్యాపారానికి లైసెన్సు అవసరం.

నకిలీలను గుర్తించడం

రోమను నాణేలకు గిరాకీ పెరగడంతో నకిలీలు విస్తరించాయి. అసలు నాణెం అచ్చు దిమ్మెల మధ్య సుత్తి దెబ్బతో ముద్రించినది. పోతపోసిన నకిలీలో అంచు చుట్టూ అతుకు గీత, ఉపరితలంపై సన్నని గాలి బుడగల గుంటలు, మొద్దుబారిన అక్షరాలు కనిపిస్తాయి. తూనిక, వ్యాసం ఆయా చక్రవర్తి కాలపు ప్రమాణాలతో సరిపోవాలి. నీటిలో తూచి సాపేక్ష సాంద్రత లెక్కకడితే నాణేన్ని గీరకుండానే మేలిమిని అంచనా వేయవచ్చు. నాణేన్ని చింతపండుతో గాని, బూడిదతో గాని తోమరాదు. అందువలన పైన అంటిన మట్టి, అరుగుదల గుర్తులు పోయి పరిశీలనకు ఆధారం నశిస్తుంది.

కాలిఫోర్నియా నాణేలతో పోలిక

బంగారు నాణెం అరుదు కావడానికి కరిగిపోవడమే కారణమైన సందర్భాలు ఇతర దేశాలలోను ఉన్నాయి. 1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడిన తరువాత, ప్రభుత్వ టంకశాల అందుబాటులో లేనందున మొఫాట్ అండ్ కంపెనీ వంటి ప్రైవేటు సంస్థలు బంగారు నాణేలు ముద్రించాయి. 1854లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రభుత్వ టంకశాల తెరచిన తరువాత వాటిలో అధికభాగం కరిగించి ప్రభుత్వ నాణేలుగా మార్చబడ్డాయి. 1864లో ప్రైవేటు ముద్రణ నిషేధించబడింది. మిగిలిన కొద్ది నాణేలు నేడు అమెరికా సేకర్తలకు అపురూపమైనవి. అయితే ఆ సంస్థల పేర్లు, ముద్రించిన సంవత్సరాలు ఆ నాణేలపైనే ఉన్నాయి. ఆంధ్రదేశపు రోమను నాణేనిపై రోము వివరాలు మాత్రమే ఉంటాయి. అది ఇక్కడికి వచ్చిన కథ దొరికిన చోటిలో, తోడుగా దొరికిన వస్తువులలో ఉంటుంది. లభ్యస్థానం నమోదు కాకపోతే ఆ నాణేనికి ఆంధ్రదేశంతో సంబంధమే చెరిగిపోతుంది.

కాసు, కాసులపేరు

బంగారు నాణేన్ని ఆభరణంగా ధరించే అలవాటు తెలుగువారిలో నేటికీ ఉంది. కోస్తా ఆంధ్రలో కాసు బంగారం అంటే 8 గ్రాములు. ఈ కొలతకు మూలం 7.988 గ్రాముల బ్రిటిషు సవరను. ఆస్ట్రేలియాలో బంగారం బయటపడిన తరువాత సిడ్నీ టంకశాల 1855 నుండి బంగారు నాణేలు ముద్రించింది. 1918లో బొంబాయి టంకశాలలో కూడా సవరన్లు ముద్రించారు. ఇటువంటి నాణేలను, వాటిని పోలిన బిళ్ళలను గుచ్చి కాసులపేరు చేయించుకొనేవారు. అగస్టస్ కాలపు ఆరియస్ తూనిక కూడా ఇంచుమించు కాసు తూనికయే కావడం విశేషం.

పాత నగలను మార్చి కొత్తవి చేయించేటప్పుడు సవరన్లు కరగడం సర్వసాధారణం. పొలంలో దొరికిన రోమను నాణెం కూడా ఈ దారినే పోతుంది. కరిగించే ముందు నాణేన్ని రెండువైపులా ఛాయాచిత్రం తీసి, తూచి, దొరికిన చోటును వ్రాసి, కలెక్టరుకు లేదా పురావస్తు శాఖకు తెలిపితే నెల్లూరు కుండకు పట్టిన గతి దానికి పట్టకుండా ఉంటుంది.

ఇవి కూడా చూడండి

* శాతవాహనులు
* ఆంధ్ర ఇక్ష్వాకులు
* నాగార్జునకొండ
* వినుకొండ
* ఘంటసాల
* మోటుపల్లి
* కొత్తపట్నం
* కాలిన్ మెకంజీ